గుడ్లు ఎందుకు తగ్గాయంటే

మూడు వారాలుగా డజను అడిగినవాళ్లకి ఎనిమిదే పంపుతున్నా. "కోళ్లు అమ్మేశావా?" అని ఒకరు, "ఎక్కువ రేటుకి బయట ఇస్తున్నావా?" అని ఇంకొకరు అడిగారు. రెండూ కాదండీ. మా దొడ్లో పందికొక్కులు పడ్డాయి.

మాది తెనాలి పక్క పల్లె. పెరటి గోడ అవతలంతా వరి చేలే. కోతలయ్యాక చేలో గింజ దొరక్క, గట్లలో కాపురమున్న పందికొక్కులు ఇళ్ల మీదికి వస్తాయి. ఏటా ఉండేదే. ఈసారి మాత్రం ఏకంగా షెడ్డు కిందే తవ్వాయి, ఒక మూల నేల కుంగింది. రాత్రంతా అవి దాణా కోసం తిరుగుతుంటే కోళ్లకి నిద్ర లేదు. బెదిరిన పెట్ట గుడ్డు తగ్గించేస్తుంది. 110 పెట్టల నుంచి రోజుకి 60 దాకా వచ్చే గుడ్లు 40కి పడ్డాయి.

"మందు పెట్టేయరాదా, ఒక్క రాత్రిలో పోతాయి" అని చాలామంది అన్నారు. ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. పోయినేడు పెట్టాను. నూకల్లో ఎలుకల మందు కలిపి బొరియల లోపలికి తోశాను. తెల్లారేసరికి మట్టితో పాటు ఆ నూకలూ బయటికొచ్చి పడ్డాయి. నేను చూసుకోకుండా కోళ్లని వదిలాను. రెండు పెట్టలు ఏరుకు తిని చచ్చిపోయాయి. తర్వాత పక్కింటి పిల్లి కూడా పోయింది. దానికి మందే కారణమని రుజువు చేయలేను గానీ, వాళ్ల మొహం చూడలేకపోయా. రెండు వారాల గుడ్లు గోతిలో పూడ్చేసి, మీకు మాత్రం "కోళ్లకి జబ్బు చేసింది" అని చెప్పా. అది అబద్ధం. క్షమించండి.

అందుకే ఈసారి మందు లేదు. జిగురు అట్టలూ లేవు. ఒకసారి దానికి అంటుకున్న ఎలుక అరుపు గంటసేపు విన్నా, చాలు.

ఒక సాయంత్రం కనిపించిన 23 బొరియలనీ మట్టితో మూసేశాం. పొద్దున్నకి 9 మళ్లీ తెరుచుకున్నాయి. అంటే కాపురం వాటిలోనే ఉన్నట్టు. మిగతావాటిలో రాళ్లు కూరేశాం. దాణా ఇనప డ్రమ్ముల్లోకి మార్చాం, పొద్దుగూకగానే తొట్లు ఖాళీ చేసేస్తున్నాం, కట్టెల మోపులు, పాత గోతాలు తీసేశాం. తిండీ మరుగూ లేకపోతే అవే సర్దుకుని పోతాయి, కానీ టైం పడుతుంది. లోపల పిల్లలుంటాయేమోనని తొందరపడలేదు. తెరుచుకున్న ఆ తొమ్మిదింటినీ మళ్లీ మూస్తూ, మట్టి వరసగా మూడు రాత్రులు కదలని బొరియనే పూడ్చాం. ఇంకా రెండు మిగిలాయి.

షెడ్డు చుట్టూ అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ (గట్టి ఇనప జాలీ) అడుగున్నర లోతు దించి, అక్కణ్ణుంచి అడుగు వెడల్పున బయటికి మడిచి పూడ్చాం. తవ్వే జంతువు గోడ పక్కనే దిగుతుంది, కాళ్లకి జాలీ తగులుతుంది. అడుగు వెనక్కి జరిగి తవ్వుదామన్న ఆలోచన దానికి రాదు. (సన్నటి కోళ్ల జాలీతో సరిపెడదామనుకునేవాళ్లకి: వద్దు, నాది కొరికి పారేశాయి.) ఖర్చు 14,000 అయింది.

ఈ పనిలో ఉండగానే ఇంకో దొంగ దొరికాడు. దాణా రాత్రి పోతోంది, గుడ్లేమో పట్టపగలే మాయమవుతున్నాయి. పందికొక్కు పగలు రాదే అని మధ్యాహ్నం కాపు కాస్తే, తూము పక్కనున్న పాత బొరియలోంచి ముంగిస వచ్చింది! మా బావమరిది ఉచ్చు పెడదామన్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ముంగిసని పట్టడం నేరం. పైగా అది ఎలుకల్నీ పాముల్నీ తింటుంది, నాకు జీతం లేని కాపలాదారు. కాబట్టి గుడ్లు ఇప్పుడు రోజుకి మూడుసార్లు తీస్తున్నాం, కోడిపిల్లల్ని గంపల కింద ఉంచుతున్నాం. అది మాత్రం రోజూ వచ్చి చూసి పోతూనే ఉంది.

రేటు పెంచడం లేదు, గుడ్డు 12 రూపాయలే. ఈ నెలంతా డజను బదులు ఇంటికి 8 గుడ్లు. ముందే డబ్బు కట్టినవాళ్లకి తక్కువైన గుడ్లు వచ్చే నెల కలిపి ఇస్తాను, వద్దంటే డబ్బు వెనక్కిస్తాను. మీ ఇంట్లో ఖాళీ ట్రేలు ఉంటే శనివారం కుర్రాడికి ఇచ్చి పంపండి. మావి సగం పందికొక్కులు కొరికేశాయి.