చెరువు లీజు మీద ఇప్పుడే సంతకం పెట్టకు

ఏరా,

నిన్న నీ ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వంత బాధలో ఉంటే నాలుగు మాటలు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం పావుగంట మీటింగులో పోయిందన్నావు. "ఇంక మెయిన్‌ఫ్రేమ్ ఎవడిక్కావాలిరా, వచ్చేసి రొయ్యల చెరువు చేసుకుంటా" అన్నావు. బ్యాంకులూ బీమా కంపెనీలూ లెక్కలు నడిపే ఆ పెద్ద కంప్యూటర్ల మీదే కదా మన బతుకంతా గడిచింది. ఆ మాటే రాత్రంతా చెవిలో మోగుతోంది.

ఇక్కడ మొన్ననే కాలువకి నీళ్ళు వదిలారు. రెండు నెలలు ఎండి బీటలు తీసిన కాలువ గట్టు దాకా నిండింది. నారుమళ్ళు మొదలయ్యాయి. వీధి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి పూర్తిగా చెప్తాను, ఇన్నాళ్ళూ నీకు సగమే చెప్పాను. ఊరొచ్చిన మొదటి ఏడు నెలలు నాకు పని లేదు. రోజూ రెజ్యూమె పంపేవాణ్ణి. పిలిచినవాళ్ళు తక్కువ, పిలిచినా మొదటి పది నిమిషాల్లోనే తేలిపోయేది. ఒకచోట పాతికేళ్ళ కుర్రాడు చాలా మర్యాదగానే అడిగాడు: "సార్, క్లౌడ్ మీద ఏం చేశారు?" ఏమీ చేయలేదన్నాను. ఇంకోచోట అన్నీ నచ్చాయి, వయసు దగ్గర ఆగిపోయింది. నోటితో అనలేదు గానీ నాకు అర్థమైంది. ఇంట్లో వాళ్ళ ముందు నవ్వుతూ తిరగడం అన్నిటికన్నా కష్టంగా ఉండేది. నువ్విప్పుడు ఆ స్థితిలోనే ఉన్నావని తెలుసు కాబట్టి చెప్తున్నాను.

అప్పట్లో నా రెజ్యూమె మొదటి లైను ఏమిటో తెలుసా? "కోబాల్, జేసీఎల్, డీబీ2, సిక్స్, వీసామ్." అన్నీ మెయిన్‌ఫ్రేమ్ భాషల, సాఫ్ట్‌వేర్ల పేర్లే. నీది కూడా అదే అయ్యుంటుంది. 1999లో అమీర్‌పేటలో మనకి నేర్పింది అలా రాయమనే. అప్పుడు సరిపోయింది. వైటూకే కోసం, అంటే 2000 వచ్చేసరికి ప్రోగ్రాముల్లో తేదీలు తప్పకుండా, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే మనుషులు కావాలి, ఎవరొచ్చినా తీసుకున్నారు. ఇప్పుడు ఆ లైను చూసి ఎవరూ పిలవరు. కోబాల్ వ్యాకరణం తెలివైన కుర్రాడికి నెల రోజుల పని, మనం నేర్చుకోలేదా?

పూణెలో ఆ నెలాఖరు రాత్రి గుర్తుందా? బీమా ప్రీమియం లెక్కలు వేసే ప్రోగ్రాము ఎస్0సీ7తో, అంటే అంకెల చోట చెత్త వచ్చిందనే ఎర్రర్‌తో, పడిపోయింది. కాల్ మీద పదిహేను మంది, అవతల క్లయింటు మేనేజరు నిమిషానికోసారి స్టేటస్ అడుగుతున్నాడు. నువ్వు డంపు తెరిచావు, పడిపోయిన క్షణంలో మెమరీలో ఏముందో చూపించేది. అంకెలు దాచే కాంప్-3 ఫీల్డులో 40404040 అని ఉంది. చివరి అర బైటులో ప్లస్సో మైనస్సో చెప్పే సీ గానీ, డీ గానీ, ఎఫ్ గానీ ఉండాలి, సున్నా ఉంది. అంటే అంకె ఉండాల్సిన చోట ఖాళీలు వచ్చిపడ్డాయి. అక్కడిదాకా మనలో ఎవరైనా చెప్పగలరు. కానీ నువ్వు వెంటనే అన్నావు చూడు, "ఏజెంట్ల ఫైలు పంపే టీము పోయిన వారమే మారింది. కమీషను లేని పాలసీలకి సున్నా పెట్టకుండా వదిలేసుంటారు, వాళ్ళకి ఫోను చెయ్యండి" అని. అది ఏ మాన్యువల్లోనూ దొరకదురా. ఆ పాలసీలు, ఆ ఫైళ్ళు, ఏ శాఖ ఏ పొరపాటు చేస్తుందో అన్నీ నీ తలలో ఉన్నాయి. అవతలివాళ్ళు డబ్బులిచ్చేది దానికే.

కొరత ఉందని వార్తల్లో వచ్చేది అబద్ధం కాదు. 2020 ఏప్రిల్లో న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్ళు ముందుకు రండని టీవీలోనే అడిగాడు. కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి వాళ్ళ పాత సిస్టం తట్టుకోలేకపోయింది. అది చూసి మనవాళ్ళంతా ఇంక మనకి తిరుగులేదనుకున్నారు. కానీ ఆయన అడిగింది వాలంటీర్లని, ఉద్యోగులని కాదు. ఆ తేడా అర్థం కావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. పాత సిస్టం ఆగిపోతే అందరికీ మనం గుర్తొస్తాం, నడుస్తున్నంతకాలం ఖర్చులా కనిపిస్తాం.

మరి పని ఎక్కడుంది? మార్చేచోట ఉంది. కోబాల్‌ని జావాలోకి మార్చే ప్రాజెక్టులు చాలా నడుస్తున్నాయి. ఐబీఎం తానే 2023లో దానికి ఏఐ టూలు ప్రకటించింది. దాంతో మన పని అయిపోయిందని నీ భయం. నేనూ భయపడ్డాను. ఇప్పుడు అదే ప్రాజెక్టులో కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను, టూలు లైన్లు మారుస్తుంది. కోడులో ఈ పేరాగ్రాఫు ఎందుకుంది, ఫిబ్రవరి 29న పుట్టినవాడి పాలసీ ఏ రోజున రెన్యూ అవ్వాలి, వడ్డీకి ఏడాదిని 360 రోజులుగా లెక్కెయ్యాలా 365గానా, ఇవి మనిషే చెప్పాలి. తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి పైసాతో సహా కలిసిందా చూడాలి. కోబాల్‌లో డెసిమల్ లెక్క కచ్చితంగా వస్తుంది. జావాలో ఎవరైనా ఫ్లోటింగ్ పాయింటులో, అంటే దశాంశాలు సుమారుగా దాచే పద్ధతిలో, రాశారంటే లక్ష ఖాతాల మీద తేడా బయటపడుతుంది. మొన్న నేను పట్టుకున్నది అదే. ఒక్క రౌండింగ్ దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. చాన్నాళ్ళకి పని చేసినట్టనిపించింది.

ఇందులో కష్టాలు కూడా దాచను. జీతం హైదరాబాదులో వచ్చినదాంట్లో సగం పైచిలుకు. కాంట్రాక్టు ఆరేసి నెలలు, ప్రతిసారీ రెన్యువల్ టెన్షనే. క్లయింటు డేటా బయటికి పోకూడదు కాబట్టి చాలామంది ఆఫీసుకే రమ్మంటారు, ఇంటి నుంచి ఒప్పుకునేవాళ్ళు కొద్దిమంది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు పోయింది, నెట్టు పోయింది. ఇన్వర్టరు కూడా దిగిపోయాక లాప్‌టాప్ పట్టుకుని రాజమండ్రి వెళ్ళి లాడ్జిలో కూర్చుని పని చేశాను. ఆ మూడు రోజులు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అనే బెంగ.

ఇంక చెరువు సంగతి. నీ సెటిల్‌మెంటు డబ్బంతా మూడెకరాల లీజులో పెడతానంటే నేను ఊరుకోను. మా పెదనాన్నగారబ్బాయి పదేళ్ళుగా వనామీ రొయ్యలు పెంచుతున్నాడు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాడు. పోయినసారి నలభై రోజుల పిల్లకి వైట్ స్పాట్ వైరస్ తగిలింది, చెరువంతా పోయింది. రాత్రి కరెంటు పోతే జనరేటరు వేసి నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పాలి, ఆక్సిజన్ పడిపోయిందంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. రేటు మన చేతిలో ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఇక్కడ కౌంటు రేట్లు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కన ఇచ్చే ధరలు, ఎలా పడ్డాయో వాణ్ణే అడుగు. నువ్వు అమెరికా క్లయింటు మాట మీద బతికి విసిగిపోయానన్నావు కదా, చెరువు దగ్గర కూడా ఆ అమెరికాయే. ఒక ఏడాది వాడి పక్కన నిలబడి చూడు. తర్వాత నీ ఇష్టం.

మీ అమ్మాయికి కోబాల్ నేర్పించనా అన్నావు. మెయిన్‌ఫ్రేమ్‌లు ఇంకా కొత్తవి వస్తూనే ఉన్నాయి, ఐబీఎం జెడ్17 వచ్చింది 2025లోనే. నేర్చుకుంటే నష్టం లేదు. కానీ అదొక్కటే పట్టుకోమని మాత్రం చెప్పకు.

రెజ్యూమె తిరగరాయి. సాఫ్ట్‌వేరు పేర్లన్నీ కిందికి తోసెయ్యి. పైన "జీవిత బీమా ప్రీమియం, కమీషను లెక్కల్లో పద్దెనిమిదేళ్ళు, నెలాఖరు బ్యాచి బాధ్యత నాదే" అని రాయి. మైగ్రేషన్ టెస్టింగ్, అంటే పాతదీ కొత్తదీ కలిసిందా సరిచూసే పని, చేస్తానని రాయి. జావా చదివి అర్థం చేసుకునేంత నేర్చుకో, రాయడం రాకపోయినా పర్వాలేదు. నేను రెండు నెలలు రోజుకు మూడు గంటలు కూర్చున్నాను, వచ్చింది. మా లీడ్‌కి నీ గురించి ఇప్పటికే చెప్పాను. బీమా తెలిసినవాళ్ళు వాళ్ళకి కావాలి. వస్తుందని మాటివ్వలేను, మాట్లాడతారు మాత్రం.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. తెల్లారేసరికి రావులపాలెంలో దిగుతావు, బండి వేసుకుని నేనొస్తాను. మా అమ్మ నీకోసం పనసపొట్టు కూర చేస్తానంటోంది, ఆవ పెట్టి. పూణెలో నువ్వు ఎబెండ్ కోడ్లు (ప్రోగ్రాము మధ్యలో పడిపోతే వచ్చేవి), వాటి కారణాలు రాసుకున్న నీలం అట్ట నోటుబుక్కు ఉండేది చూడు, అది పారెయ్యలేదు కదా? వచ్చేటప్పుడు తీసుకురా. దాన్ని ముందు పెట్టుకుని రెజ్యూమె రాద్దాం.

నీ
అమీర్‌పేట రూమ్మేటు