నాన్నకి సగ్వారోలు చూపించాలిరా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? ఫోన్‌లో అయితే నీకు మధ్యలో ఏదో ఒక మీటింగ్ వస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అక్టోబర్‌లో అమ్మానాన్న అనంతపురం నుంచి వస్తున్నారు. థాంక్స్‌గివింగ్ సెలవులకి మీరూ డల్లాస్ నుంచి వచ్చేయండి. అందరం కలిసి టక్సన్ దగ్గరున్న అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియంకి వెళదాం. పేరు విని అద్దాల బీరువాలు అనుకోకు. 1952లో తెరిచారు, చాలా భాగం ఆరుబయటే, ఎడారిలోనే ఉంటుంది. కాలిబాటలే రెండు మైళ్ళు. పర్వత సింహం, మెక్సికన్ తోడేలు, చూస్తే పందిలా ఉన్నా పంది కాని జావెలీనా, అన్నీ ఈ నేలవే.

నా ఆశంతా నాన్న గురించేరా. వానకోసం ఆకాశం చూస్తూనే ఆయన బతుకు గడిచింది. ఇక్కడి సగ్వారోని, అంటే చెట్టంత ఎత్తు పెరిగే జెముడుని, ఆయనకి చూపించాలి. కాండం మీద మడతలుంటాయి. వాన పడితే నీళ్ళు తాగి అవి విచ్చుకుంటాయి, ఎండలకి మళ్ళీ ముడుచుకుంటాయి. మొదటి కొమ్మ వేయడానికే యాభై, డెబ్బై ఏళ్ళు పడుతుందట! చిన్నప్పుడు పాలోవెర్డె చెట్టు నీడలో దాక్కుని పెరుగుతుంది. మన చేను గట్టున మేకలకి అడ్డం వేసే నాగజెముడు ఉంది చూడు, దాని పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. అక్కడ అది కనబడితే నాన్న ఏమంటాడో వినాలనుంది.

పిల్లలకైతే డేగలు. చలికాలంలో వాటిని జనం ముందు ఎగరడానికి వదులుతారు. హ్యారిస్ డేగలు గుంపుగా వేటాడతాయి, మన తలల మీదుగానే రివ్వున పోతాయి. హమ్మింగ్‌బర్డ్‌ల గదిలోకి కూడా వెళదాం, అమ్మకి నచ్చుతుంది.

మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు సగం చూసేయొచ్చు. జంతువులు కూడా చల్లపూటే బయటికొస్తాయి. గేట్స్ పాస్ అనే కొండదారి మీదుగా పోదాం, మలుపులు ఎక్కువే కానీ పైనుంచి లోయంతా సగ్వారోలే. అందరికీ టోపీలు, మంచి బూట్లు తీసుకురా. నీళ్ళు నేను ఎక్కువే పెడతాను. పులిహోర, పెరుగన్నం అమ్మ కడతానంది. చిన్నవాడిని చోయా జెముడు దగ్గరికి మాత్రం పోనివ్వకు. తగిలితే చాలు, గుత్తిగా ఊడొచ్చి అంటుకుంటుంది. చేత్తో లాగితే ఆ చేతికీ గుచ్చుకుంటుంది, దువ్వెనతోనే తీయాలి. అందుకే కార్లో ఒక దువ్వెన పడేశాను.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదా, అదొక్కటే టెన్షన్. రెండు మైళ్ళూ నడిపించను. అక్కడక్కడా కూర్చోబెట్టి, ఒక్కో చెట్టూ ఆయనకి చాలేంత సేపు చూడనిస్తాను. మీ అమ్మ కూడా ఇక్కడే ఉన్నారన్నావు, ఆవిడనీ తీసుకురా, నాన్నకి కబుర్లకి తోడుంటారు.

అన్నట్టు, అక్కడ క్రియొసోట్ అని ఒక పొద ఉంటుంది. దాని ఆకుల్ని దోసిట్లో పెట్టుకుని నోటితో ఆవిరి ఊదితే వాన వాసన వస్తుంది. ఆ దోసిలి నాన్న ముఖం దగ్గర పెట్టాలిరా.

టికెట్లు త్వరగా బుక్ చెయ్యి. ఏ రోజు దిగుతారో చెప్తే ఎయిర్‌పోర్ట్‌కి వస్తాను.

నీ
రఘు