ఆసక్తిని టిక్కులతో కొలవకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. డేటా చదివి అర్థం చేసుకోవడం మీద పిల్లలకు ఎంత ఆసక్తి ఉందో చూడాలని వాళ్ల స్కూల్లో ఒక ఫారం నింపించారు. ఒక్కో వాక్యానికి 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' దాకా ఐదు గడులు. పైన పేరు, రోల్ నంబరు రాయాలి. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ ఫారం చూశాను. 'పట్టికలు చూడటం నాకు ఇష్టం' అన్నదానికీ, 'పట్టికలంటే నాకు విసుగు' అన్నదానికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టింది. ఇంటికొచ్చి అడిగితే, "ఇష్టం లేదంటే మేడం ఏమనుకుంటారో అని టెన్షన్ నాన్నా, అన్నీ ఒకే వరసలో పెట్టేశా" అంది.

ఈ ఐదు గడుల పద్ధతి 1932లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ రూపొందించింది. పద్ధతిలో తప్పు లేదు. చదవకుండా టిక్కు పెట్టినవాళ్లు బయటపడాలనే అలా తిరగేసిన వాక్యాలు కలుపుతారు. రెండు జవాబులకూ పొంతన లేని ఫారాన్ని కూడా సగటులో కలిపేసి, క్లాసు మొత్తానికి ఆసక్తి బాగా ఉందని చెప్పడమే నాకు బాధ కలిగించింది.

మాది ఇందుకూరుపేట మండలం, రొయ్యల చెరువులు. వల విసిరినప్పుడల్లా మా అమ్మాయి గట్టు మీద నోట్‌బుక్ పట్టుకుని కౌంట్ రాస్తుంది. 100 కౌంట్ అంటే కిలోకి వంద, రొయ్య సగటున 10 గ్రాములు. 50 కౌంట్ అంటే 20 గ్రాములు. ధర దాన్ని బట్టే. ఆమధ్య నేను ఒకే మూల విసురుతుంటే, "అక్కడ పెద్దవే పడుతున్నాయేమో, నాలుగు వైపులా విసిరి చూడు నాన్నా" అంది. చూస్తే 60 అనుకున్న కౌంట్ 70 దగ్గరుంది. అంటే రొయ్యలు అనుకున్నంత పెరగలేదు. వాటిని పట్టడం వారం ఆపాం. ఈ పిల్ల ఆసక్తి ఆ ఫారంలో ఎక్కడుంది?

విద్యాశాఖ వారికి నా మనవి. పేర్లు రాయించకండి. ఇష్టమా అని అడిగే బదులు ఏం చేశావని అడగండి: కరెంటు బిల్లు ఈ నెల ఎందుకు పెరిగిందో ఎప్పుడైనా చూశావా అని. కనిగిరి వైపు పిల్లలకైతే ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ అంకె, పక్కనే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు చూపించి, వాళ్లు ఏం ప్రశ్నలు వేస్తారో రాసుకోండి. సగటు, మధ్యగతం లెక్కల్లో వచ్చిన మార్కుల్ని మాత్రం ఆసక్తి కింద జమ వేయకండి. చివర్లో 'నువ్వు దేని లెక్క తీయాలనుకుంటున్నావు?' అని అడిగి నాలుగు గీతలు ఖాళీ వదలండి. మా అమ్మాయిని నేనే అడిగాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఏ వేళకు బాగా పడిపోతోందో నెల రోజులు రాసి చూస్తానంది.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా.