క్రీడా శాఖ మంత్రి గారూ, బెంచ్ మీదైనా మా పోరగాళ్ళకి జాగా ఉందా?

మంత్రి గారికి నమస్కారం.

నేను సికింద్రాబాద్ వైపు ఒక బస్తీ గ్రౌండ్‌లో తొమ్మిదేళ్ళ నుంచి పొద్దున్నే పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నా. కోచ్ అనేంత పెద్ద మాట ఎందుకులెండి, జీతం లేదు, విజిల్ ఉంది. ప్రజావాణిలో మూడు సార్లు అర్జీ ఇచ్చా. మొదటిసారి "సంబంధిత శాఖకు పంపబడింది" అని మెసేజ్ వచ్చింది, రెండోసారి అదీ లేదు, మూడోసారి కౌంటర్‌లో అమ్మాయే నన్ను గుర్తుపట్టి "మళ్ళీ ఫుట్‌బాలేనా అంకుల్" అంది. అందుకే ఇలా నలుగురూ చూసేలా రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు కూడా మార్చేసుకుంది, అది మీకు తెలిసిందే. నా ఏడుపు టీమ్ పోయిందని కాదు సార్, పోతూ పోతూ మనకేం మిగిల్చిందా అని. 2022లో దేశంలో పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచారు, ఆ సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలోనే ఆడారు కాబట్టి మన ఛాంపియన్లని మనం టీవీలోనే చూశాం, అయినా ఫైనల్ రోజు పెనాల్టీలప్పుడు మా బస్తీలో ఒక్కడు కూర్చోలేదు. నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే ఆ ఏడాది మనకి 18 గోల్స్ కొట్టాడు. బయటి నుంచి ఆటగాళ్ళని తేవద్దని నేననట్లేదు, అలాంటోణ్ణి చూసే మా పోరగాళ్ళు గోల్ ముందు బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో నేర్చుకున్నారు.

ఆ క్లబ్బుకి కుర్రాళ్ళని నమ్మడం రాదని కూడా కాదు. లిస్టన్ కొలాసో ఇక్కడే వెలిగాడు, 2021లో కోల్‌కతా వాళ్ళు కోటి రూపాయలు పెట్టి కొనుక్కుపోయారని అప్పట్లో ఒకటే చర్చ. ఆకాశ్ మిశ్రా టీనేజ్‌లో వచ్చాడు, ఇక్కణ్ణించే ఇండియా టీమ్‌కి వెళ్ళాడు. ఒకడు గోవా, ఒకడు యూపీ. సంతోషమే. మరి మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌లో ఒలింపిక్స్ ఆడాడు కదా సార్, ఇక్కడి పిల్లాడు ఒక్కడు కూడా ఆ వరుసలో ఎందుకు కనపడలేదు?

ఇక 2023-24. జీతాలు అందలేదు, సీనియర్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు, కొత్తవాళ్ళని తీసుకోవడానికి లేకుండా ఫిఫా బ్యాన్ పడింది, అప్పుడు గుర్తొచ్చారు కుర్రాళ్ళు. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. "యువతకి అవకాశం" అని రాసినోళ్ళు ఉన్నారు, నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన ఒక సీనియర్ ఉండి, ముందు పది నిమిషాలు, తర్వాత అరగంట, అలా దింపితే అది అవకాశం. ఇల్లు కాలిపోతుంటే పిల్లాడి చేతికి బకెట్ ఇచ్చి అందరూ గేటు దాటేస్తే దాన్ని అవకాశం అంటారా? డబ్బున్నప్పుడు బెంచ్ నిండా కొనుక్కొచ్చినోళ్ళు, లేనప్పుడు మైదానం నిండా పిల్లలు. రెండిటి మధ్యలో ఏదీ లేదు.

మా దగ్గర ఒక లెఫ్ట్ బ్యాక్ ఉండేవాడు, పేరెందుకు లెండి. ఎడమ కాలు బంగారం. పదిహేనేళ్ళప్పుడు ఒక క్లబ్బు ట్రయల్స్‌కి తీసుకెళ్ళా, రెండు బస్సులు మారి, అన్న బూట్లు పెద్దవైతే ముందు పాత సాక్సు కుక్కుకుని వచ్చాడు. ఎనిమిది నిమిషాలు ఆడించారు. బాగున్నాడు గానీ ఎన్ని కాంపిటీటివ్ మ్యాచ్‌లు ఆడాడు అనడిగారు. నేనేం చెప్పాలి సార్? ఏడాదికి రెండు నాకౌట్ టోర్నీలు, మొదటి రౌండ్‌లో ఓడితే ఆ ఏడాదికి అంతే. వారం వారం ఆడే అండర్-15 లీగ్ ఏదన్నా మా బస్తీ దాకా వస్తే కదా లెక్క చెప్పడానికి. వాడిప్పుడు డెలివరీ బండి నడుపుతున్నాడు, మొన్న మా గ్రౌండ్ పక్క అపార్ట్‌మెంట్‌కే పార్సిల్ తెచ్చి, ఐదు నిమిషాలు నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

ఇండియా టీమ్‌కి కూడా కోచ్‌గా చేసిన మన రహీం సాబ్ హైదరాబాద్ పోలీస్ టీమ్‌ని నడిపిన రోజుల్లో పిల్లలకి డ్రిబ్లింగ్ (బంతిని ఒక్కడే తోసుకుపోవడం) లేకుండా ఒక టోర్నమెంట్, బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకొకటి పెట్టేవాడంట. ఆ టీమ్ 1950 నుంచి 54 దాకా అప్పట్లో బొంబాయిలో జరిగే పెద్ద టోర్నీ రోవర్స్ కప్పుని వరసగా ఐదు సార్లు కొట్టింది. ఆయన బడి పంతులు సార్, వెనకాల కార్పొరేట్ సంస్థ ఏం లేదు.

మనం మాత్రం పెళ్ళిళ్ళు బాగా చేస్తాం. 2024 డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే, ఆడింది బెంగాల్, కేరళ, మనం కుర్చీలేశాం. ఏడాది తిరిగేసరికి ఉప్పల్‌కి మెస్సీ వచ్చాడు, ముఖ్యమంత్రి గారు కూడా బూట్లు కట్టుకుని దిగారు, చాలా బాగుంది, మా పిల్లలు ఆ వీడియో ఇంకా చూస్తున్నారు. మర్నాడు పొద్దున వాళ్ళు ఆడాల్సిన గ్రౌండ్ గేటుకి మాత్రం తాళం.

ఆ గ్రౌండ్ సంగతి మూడు అర్జీల్లోనూ రాశా. శని ఆదివారాలు ఫంక్షన్లకి ఇచ్చేస్తున్నారు. షామియానాలు పీకేసి పోతారు గానీ మేకులు మట్టిలోనే ఉంటాయి. సోమవారం మా వార్మప్ ఏంటో తెలుసా సార్, ఇరవై మంది పిల్లలు వరసగా వంగుని, గోల్ నుంచి గోల్ దాకా నడుస్తూ మేకులు ఏరడం. ఒక పాత బోర్న్‌విటా డబ్బాలో వేస్తాం. అయినా ఫిబ్రవరిలో ఒకడి పాదంలో దిగింది, టీటీ ఇంజెక్షన్, మూడు కుట్లు.

గచ్చిబౌలి స్టేడియం మీ శాఖదే. రేపు ఇంకో క్లబ్బు వస్తుంది, మళ్ళీ అదే స్టేడియం అడుగుతుంది. ఇచ్చేటప్పుడు కాగితం మీద ఒక్క ముక్క రాయించండి సార్, ఇంతమంది ఇక్కడి పిల్లలు స్క్వాడ్‌లో ఉండాలి, ఉత్తినే పేరుకి కాదు, ఇన్ని నిమిషాలు ఆడాలి, అండర్-15, అండర్-17 జట్లు ఇక్కడివే ఉండాలి అని. వాళ్ళు కొనుక్కునేవాళ్ళని కొనుక్కోనివ్వండి, నలుగురు విదేశీయుల్ని దింపనివ్వండి, ఎవరికన్నా మోకాలు పోయినప్పుడు బెంచ్ మీంచి లేచేవాడు మనోడై ఉండాలి, అంతే. లీగ్ కూడా పెట్టించండి. గ్రౌండ్ తాళం కూడా. ఏది ముందో మీరే చూడండి, నాకైతే అన్నీ ముందే.

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో వస్తున్నా. ఈసారి జతపరిచిన పత్రాలేమీ లేవు, ఆ డబ్బా తెస్తా. కౌంటర్‌లో తీసుకుంటారో లేదో.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక విజిల్ మాస్టారు