రుచి చెడకుండా ఆరోగ్యం: మన సంఘం వంట విభాగం వార్షిక నివేదిక, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాదంతా వంట విభాగం ఒకే పని మీద కూర్చుంది. షుగరు, బీపీ ఉన్న ఇళ్ళలో డాక్టరు చెప్పిన తిండి నాలుగు రోజులు కంచంలోకి వస్తుంది, అయిదో రోజు మూలపడుతుంది. చప్పగా ఉందంటారు, గొంతు దిగట్లేదంటారు, గంటకే ఆకలేస్తోందంటారు. అలా అనేవాళ్ళ తప్పేమీ లేదు. చోళ్ళు (రాగులు), సామలు, ఉలవలు వండేటప్పుడు ఎక్కడ పాడవుతున్నాయో పట్టుకుంటే, అవే మారు అడిగి వేయించుకునే వంటలవుతాయి. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ సంగతులే. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

ముందు చోళ్ళు. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మన గజపతి, పక్కనున్న రాయగడ రెండూ ఉన్నాయి. ఒడియాలో చోళ్ళని మండియా అంటారు; నవంబరు 10న మండియా దిబస, అంటే చోళ్ళ దినం, జరుపుతారు. ఒడియా వాళ్ళ మండియా జావు, మన చోడి అంబలి తోడబుట్టినవే. నలుగురికి అంబలి కావాలంటే ఎనిమిది చెంచాల పిండిని రాత్రే రెండు గ్లాసుల చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి మూత పెట్టాలి. పొద్దుటికి సన్నగా పులుస్తుంది. అసలు రుచి ఆ పులుపులోనే ఉంది. ఆరు గ్లాసుల నీళ్ళు తెర్లుతుండగా ఈ కలిపిన పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ సన్న సెగ మీద పది నిమిషాలు ఉడికించాలి. పొడి పిండిని నేరుగా వేడినీళ్ళలో వేస్తే పైపొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపల పిండి పొడిగానే మిగులుతుంది. ఉండలు కట్టేది అందుకే. పది నిమిషాలు ఓపిక పట్టకపోతే పచ్చివాసన పోదు. "చోళ్ళ వాసన మాకు పడదు" అనే మాట చాలాసార్లు ఈ పచ్చివాసన గురించే. అంబలి గోరువెచ్చగా అయ్యాకే మజ్జిగ కలపాలి. వేడిమీద పోస్తే విరుగుతుంది. ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఆఖరున.

అంబలి ఒక్కటే తాగితే ఆకలి తొందరగా వేస్తుంది. పల్చటిది కడుపులో ఎంతోసేపు నిలవదు. పక్కన గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఉంటుంది. నమలడానికి పని, పప్పుగింజల మాంసకృత్తులు, పీచు అన్నీ అందులో ఉన్నాయి. ఉలవలు రాత్రంతా నానాలి, కుక్కరులో ఆరు కూతలు రావాలి. చింతపండు గానీ పుల్లటిదేదైనా గానీ ముందే వేస్తే గింజ మెత్తబడదు, ఎన్ని కూతలొచ్చినా గట్టిగానే ఉంటుంది. ఉడికాక వార్చిన నీళ్ళు పారబోయకండి, చారుకి అంతకన్నా మంచి సరుకు దొరకదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చోళ్ళు తింటే షుగరు పెరగదన్న నమ్మకం మన వాళ్ళలో బాగా ఉంది. అది నిజం కాదు. చోళ్ళలోనూ పిండి పదార్థమే ఎక్కువ. మెత్తగా పట్టించిన పిండితో పల్చటి జావ కాస్తే తొందరగా అరుగుతుంది, షుగరు కూడా తొందరగానే పెరుగుతుంది. కొలత చూసుకుని, గింజలతో, కూరతో కలిపి తినాలి. బెల్లమూ అంతే, రంగు మారినంత మాత్రాన చక్కెర కాకుండా పోదు.

చోడి రొట్టె విరిగిపోతోందని చాలామంది అడిగారు. గోధుమపిండిలో ఉండే జిగురు చోడిపిండిలో లేదు. కప్పు పిండిలో ఉప్పు వేసి, ముప్పావు కప్పు మరిగే నీళ్ళు పోసి గరిటెతో కలిపి, అయిదు నిమిషాలు మూత పెట్టి, చెయ్యి పట్టేటప్పుడు మర్దించాలి. వేడికి పిండి సగం ఉడికి సాగుతుంది. తరిగిన ఉల్లిపాయ, చెంచా నూనెలో ముందుగా వేయించిన మునగాకు కలిపి, తడిగుడ్డ మీద తట్టి, బాగా కాలిన పెనం మీద వేయాలి. సన్న సెగ మీద పెడితే కాలేలోపు ఎండి చెక్కలా అవుతుంది.

సామలు వేడి అన్నంలా చారు పోసుకుని తినడానికి నప్పవు. దానికి బలవంతపెట్టి ఇంట్లోవాళ్ళకి విరక్తి తెప్పించవద్దు. పులిహోరకీ, దద్ధోజనానికీ బ్రహ్మాండంగా కుదురుతాయి. కప్పుకి రెండు కప్పుల నీళ్ళు, ముందు అరగంట నానబెట్టడం, దించాక పది నిమిషాలు మూత తీయకపోవడం. ఉడుకుతుండగా గరిటె పెట్టి కలిపితే ముద్దవుతుంది.

కార్తీక వనభోజనాల్లో ఈసారి సాంబారుకి బదులు దాల్మా, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు, వండాం. వంద మందికి అయిదు కిలోల కందిపప్పు, ఎనిమిది కిలోల కూరగాయలు. తక్కువ నూనెతో ఇంత రుచి వచ్చే వంట మన చుట్టుపక్కల ఇంకోటి లేదని మా అభిప్రాయం. పప్పు ముప్పావు వంతు ఉడికాక బొప్పాయికాయ, అరటికాయ వెయ్యాలి. గుమ్మడి, వంకాయ చివర్న. అన్నీ ఒకేసారి పడేస్తే గుమ్మడి కరిగిపోతుంది, బొప్పాయి పచ్చిగా ఉంటుంది. తప్పు జరిగింది కంద దగ్గర. నేరుగా పప్పులో వేశాం, కొందరికి నోరు దురద పెట్టింది. కందలో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. ముందే చింతపండు నీళ్ళలో మెత్తగా ఉడికించి, వార్చి కలిపి ఉండాల్సింది. వచ్చేసారి అలాగే చేస్తాం.

దాల్మాకి ప్రాణం పైన చల్లే పొడి. రెండు చెంచాల జీలకర్ర, నాలుగు ఎండుమిర్చి నూనె లేకుండా సన్న సెగమీద ముదురు రంగు వచ్చేదాకా వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. కుండ దించాక చల్లాలి. ముందే వేసి మరిగిస్తే సువాసనంతా ఆవిరితో పోతుంది. ఈ పొడి ఉన్నచోట ఉప్పు తగ్గినా నాలుక పట్టుకోదు. పుల్లటిది తగిలినా ఉప్పదనం ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఉప్పు తగ్గించే ఇళ్ళకి మా మొదటి సలహా దించాక నిమ్మకాయ పిండమని. పెద్దవాళ్ళకి రోజుకి అయిదు గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒక చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్ళు, అప్పడాలు ఆ లెక్కలోవే.

నూనె తగ్గించమంటే పూర్తిగా మానేస్తున్నారు. అదీ సరికాదు. ఆకుకూరల్లో విటమిన్-ఏకి పనికొచ్చే పదార్థం ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. నలుగురి కూరకి రెండు చెంచాల తాళింపు చాలు.

ఆవపెట్టిన కూర మీద ఒక పూట శిక్షణ పెట్టాం. అరటికాయకైనా పనసపొట్టుకైనా పద్ధతి ఒకటే. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడే ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ గుణం పోతుంది. కాబట్టి రెండు చెంచాల ఆవాలు అరగంట నానబెట్టి, చన్నీళ్ళు, ఉప్పు, పసుపు వేసి రోట్లో నూరి, కూర దించి రెండు నిమిషాలు ఆరాక కలపాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే చేదెక్కుతుంది. ఒడియా వాళ్ళు బెసర అనే తమ ఆవ కూరలో ఆవముద్దని పులుసులోనే ఉడకనిస్తారు. అందుకే అందులో ముక్కుకెక్కే ఘాటు ఉండదు. రెండూ మంచివే, దేనికదే.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన: చోళ్ళు, సామలు, ఉలవలు సభ్యులందరికీ కలిపి పంట వచ్చినప్పుడే సంతలో కొందాం. గంటెలు (సజ్జలు) మాత్రం గింజగానే ఇళ్ళకి ఇస్తాం. వాటిలో కొవ్వు ఎక్కువ, పిండి పట్టించి నిలవ ఉంచితే కొద్దిరోజులకే చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే మరకి పంపండి.