పత్తికొండ పొలం గురించి

కర్నూలు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. జవాబుకు ఐదు రోజులు పట్టింది, ఏమీ అనుకోకు. నువ్వు అడిగినవి నిలబడి చెప్పే మాటలు కావు, కూర్చుని రాయాల్సినవి. పత్తికొండ దగ్గర నాన్నగారి 7 ఎకరాలను సోలార్ కంపెనీ మనుషులు 25 ఏళ్ల కౌలుకు అడుగుతున్నారు, ఇవ్వమంటావా అన్నావు. ఆ వెంటనే, ఈ సోలార్ అన్నేళ్లు నిలబడేదేనా, నాలుగేళ్లకు ఇనుప కమ్మీలు వదిలేసి పోతారా అన్నావు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. 30 ఏళ్లు సబ్‌స్టేషన్లలో గడిపినవాణ్ని కదా, మొదటిదానికి జవాబు నాకు రెండోదానిలోంచే దొరికింది.

నిలబడుతుంది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు అన్నారు. మా ఆఫీసులో అందరం పెదవి విరిచాం. ఢిల్లీలో ప్రభుత్వం మారింది, లక్ష్యం మాత్రం తగ్గలేదు సరికదా 2015లో లక్ష మెగావాట్లయింది. 2021లో గ్లాస్గో సదస్సులో ఇంకా పెద్ద మాటలే ఇచ్చారు. 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసు కాని విద్యుత్ సామర్థ్యం 5 లక్షల మెగావాట్లు, 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా, అంటే భూమిని వేడెక్కించే వాయువులు ఎన్ని వదిలితే అన్నీ వెనక్కి తీసేయడం. ధర సంగతి చూడు. 2015 నవంబరులో మన గని గ్రామం దగ్గరి సోలార్ పార్కు వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలు పలికితే, ఇంత చవకా అని దేశమంతా నోరు తెరిచింది. ఏడాదిన్నర తిరక్కుండానే కడప పార్కుకు 3 రూపాయల 15 పైసలు. 2020 చివర్లో గుజరాత్‌లో 2 రూపాయల లోపుకే వచ్చేసింది. ఇంత చవకైన కరెంటును ఏ ప్రభుత్వమూ వద్దనుకోదు.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న చివరి వేసవి 2022. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్ సెలవు ప్రకటించారు, గుర్తుందా? దేశమంతటా బొగ్గు నిల్వలు అడుగంటాయి. బయట కొందామంటే, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయల దాకా ఎగబాకింది, 12 రూపాయలు దాటకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి కళ్లెం వేయాల్సి వచ్చింది. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు పరచుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం అటు నుంచి కరెంటు వరదలా వచ్చేది. సాయంత్రం ఆరున్నరకు మీటరు ముల్లు సున్నా మీద కూర్చునేది. ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా వేసుకునే వేళ కూడా అదే. ఆ నెల సాయంత్రాల్లో నా చేత్తో ఆపిన ఫీడర్లు, ఊళ్లకు కరెంటు మోసే ఆ లైన్లు, ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. అందులో ఒకటి మా అక్క వాళ్ల ఊరిది.

ఇంధన భద్రత అనే మాట పత్రికల్లో చదివితే ఎక్కడో చమురు ఓడల సంగతి అనిపిస్తుంది. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే తెచ్చుకుంటున్నాం కాబట్టి అదీ నిజమే. కానీ నాకు తెలిసిన ఇంధన భద్రత, ముద్దనూరు వైపు బొగ్గు ర్యాకు, అంటే బొగ్గు గూడ్సు బండి, బయలుదేరిందా లేదా అని ఆరా తీసే ఫోను. అక్కడ 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, కడప జిల్లాలో బొగ్గు పెళ్ల ఒక్కటి లేదు. సింగరేణి నుంచో ఒడిశా నుంచో రైల్లో రావాలి. ఎండకు ర్యాకు అక్కర్లేదు. నాకు సోలార్ మీద అభిమానం పుట్టింది మొదట ఇందుకే, వాతావరణం సంగతి నేను తర్వాత నేర్చుకున్నాను.

2025 జూలైలో, దేశపు విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులు కానివాటిదే అని ప్రకటించినప్పుడు నిజంగా ఆనందించాను. 2030కి సగం చేస్తామన్న మాటను ఐదేళ్లు ముందే నిలబెట్టుకున్నాం. కానీ స్థాపిత సామర్థ్యం అంటే దొడ్లో పశువులెన్నో చెప్పడం, పాలెన్ని పితికామో చెప్పడం కాదు. రాత్రులు, మబ్బులు అన్నీ తీసేస్తే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఏడాదిలో ఇచ్చేది, సుమారు 200 మెగావాట్ల కేంద్రం ఒకటి రాత్రింబవళ్లు ఆగకుండా నడిస్తే వచ్చేంత. అందుకే పాల లెక్క తీస్తే ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. నా మటుకు నాకు మన విధానం మెగావాట్లు లెక్కపెట్టడం తగ్గించి గంటలు లెక్కపెట్టాలి. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఎన్ని యూనిట్లు బొగ్గు లేకుండా ఇవ్వగలిగాం? ఆ ఒక్క అంకె ప్రతి ఏటా చెప్పమనాలి.

దారి లేక కాదు. పోయిన నెల పాణ్యం మీదుగా పిన్నాపురం వైపు వెళ్లి చూసివచ్చాను. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడటం, సాయంత్రం వాటిని కిందికి వదిలి కరెంటు తీయడం. 1,680 మెగావాట్ల కేంద్రం అది. నదికి అడ్డంగా కట్టింది కాదు, గోరుకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకుని, ఆవిరైపోయినంత మాత్రం మళ్లీ పోసుకుంటూ అవే నీళ్లు తిప్పుతారు. 4 యూనిట్లు పెట్టి తోడితే వెనక్కి వచ్చేది సుమారు 3. అయినా గిట్టుబాటే, ఎందుకంటే మధ్యాహ్నపు యూనిట్‌కూ సాయంత్రపు యూనిట్‌కూ ధరలో అంత తేడా. ఇదేమీ కొత్త విద్య కాదు. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి, అవి ఇటూ తిరుగుతాయి, అటూ తిరుగుతాయి. ఆ రోజుల్లో రాత్రిపూట తోడటం అని మనం చదువుకున్నాం, ఎందుకంటే అర్ధరాత్రి వాడకం పడిపోయినా బొగ్గు బాయిలరును ఆర్పలేం. ఇప్పుడు పట్టపగలు తోడుతున్నారు. మనం పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న పాఠం మొత్తం తలకిందులైంది! అక్కడ నిలబడి నిన్ను తలచుకున్నాను. ఆ బాయిలర్లను కూడా పగటివేళ సామర్థ్యంలో 40 శాతానికి దించి నడపగలిగేలా మార్చుకోవాలని 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన తెచ్చింది. అది చేయడానికి ఖర్చుంది, శ్రమ ఉంది, కానీ తప్పదు. గాలి కూడా మనకు తోడే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మబ్బులు ఎండను మింగే రోజుల్లోనే, మన రామగిరి కొండల మీద గాలి జోరందుకుంటుంది.

అయితే అన్నిటికంటే చవకైన ఉపాయం కొండల మీద లేదు, చేలో ఉంది. మా చిన్నమామ నీకు గుర్తుండే ఉంటాడు, సెలవులకు వెళితే వేరుశనగ కాయలు కాల్చి పెట్టేవాడు. 1998లో రాత్రి రెండు గంటలకు బోరు మోటారు నడిచే త్రీ ఫేజ్ కరెంటు ఇచ్చారు. చేతిలో టార్చి పట్టుకుని బోరు దగ్గరికి వెళ్లాడు. స్టార్టర్ పెట్టె పక్కనే పాము. తెల్లవారాక మోటారు నడుస్తూనే ఉంది, మడి నిండి నీళ్లు దారి మీదికి వచ్చాయి, అలా తెలిసింది. బొగ్గు కేంద్రాల రాత్రి మిగులును పారబోయడానికి రైతును వాడుకున్న కాలం అది. ఆ పని చేసిన వ్యవస్థలో నేనూ జీతం తీసుకున్నాను. ఇప్పుడు వ్యవసాయానికి 9 గంటలు పగటిపూటే ఇవ్వాలన్నది రాష్ట్ర విధానం. లక్షల బోర్లు ఎండ ఉన్నప్పుడే నడిస్తే సోలార్ కరెంటు వచ్చింది వచ్చినట్టే ఖర్చవుతుంది, దాచే బాధ లేదు, రైతు రాత్రి ఇంట్లో పడుకుంటాడు. ఉద్గారాలు ఎన్ని టన్నులు తగ్గాయని లెక్క కట్టేవాళ్లు ఈ నిద్రను కూడా లెక్కలో వేయాలని నా కోరిక.

మా డాబా మీద కూడా 3 కిలోవాట్లు పెట్టించాను. కేంద్ర పథకం కింద 78,000 రూపాయలు వెనక్కి వచ్చాయి, కానీ మిగిలిన కరెంటు లైనులోకి పంపితే లెక్కకట్టే నెట్ మీటరు కోసం నాలుగు నెలలు తిరిగాను. రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తోంది. మే నెలలో ఇంకా ఎక్కువ వస్తుందని మా ఆవిడ అనుకుంది. రాలేదు. పలక వేడెక్కేకొద్దీ ఉత్పత్తి పడిపోతుంది, మనకు ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. ఇంకో సంగతి, బోరు నీళ్లతో కడిగితే తెల్లటి ఉప్పు చారలు కడుతున్నాయి. వాననీళ్లు పట్టి ఉంచుకుంటున్నాం.

ఇక పొలం సంగతి. అమ్మవద్దు. కౌలుకు ఇవ్వు, కానీ ఒంటరిగా మాట్లాడకు. గని పార్కు లెక్కన ఒక మెగావాట్‌కు సుమారు 6 ఎకరాలు పడుతుంది, అంటే మీ 7 ఎకరాలతో వాళ్లకు పని కాదు, చుట్టుపక్కల పొలాలన్నీ కావాలి. కాబట్టి గట్టు పక్క రైతులంతా కలిసి ఒకే మాట మీద కూర్చోండి. ఒక మెగావాట్ ఏడాదికి 16, 17 లక్షల యూనిట్లు తీస్తుంది. యూనిట్ రెండున్నర రూపాయలకు అమ్మినా 40 లక్షలు. అది మనసులో పెట్టుకుని కౌలు అడుగు. కౌలు సంతకం పెట్టిన రోజు నుంచి రావాలి, కరెంటు తీసిన రోజు నుంచి కాదు. గడువు తీరాక ఇనుమే కాదు, భూమిలో పోసిన కాంక్రీటు కూడా వాళ్ల ఖర్చుతోనే పెకలించి పోవాలని రాయించు. నువ్వు భయపడ్డ కమ్మీలకు అదే జవాబు. ఇంకొకటి, దీన్ని మరచిపోతే నేను బాధపడతాను. కంచె వేస్తే గొర్రెల కాపరులకు దారి పోతుంది. వాళ్లు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టరు, వాళ్లకు నష్టపరిహారం ఏ కాగితంలోనూ ఉండదు. వంక పక్కనుంచి పది అడుగుల బాట వదలమని నువ్వే అడగాలి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒప్పందం ముసాయిదా తీసుకురా, చేలోనే కూర్చుని చదువుదాం. నీడ పడుతుందని అమ్మ నాటిన చింతచెట్టును కొట్టేయమంటారు, ముందే చెబుతున్నాను. ఒప్పుకోకు. ఆ చెట్టు ఉత్తరపు గట్టు మీద ఉంది. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణంగానే నడుస్తాడు, దాని నీడ పడేది పొలం బయట, బాట మీద.

నీ
మిత్రుడు