పెంపుడు జంతువుల ఆపరేషన్లలో మత్తు భద్రత: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం పెట్టుకున్న పని ఒక్కటే. మత్తులో ఉన్న జంతువును చూడటానికే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో రాసుకునే కాగితం ఉండాలి. జంతువు తల ఎత్తి, బోర్లా ఆనుకుని నిలకడగా పడుకునేదాకా ఆ మనిషి అక్కడి నుంచి కదలకూడదు. శిక్షణ తరగతులు, పరిశీలన పత్రం, యజమానులకిచ్చే చీటీ, యంత్రాల తనిఖీ అన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు సుమారు 98 వేల కుక్కల్ని, 79 వేల పిల్లుల్ని, 8 వేల కుందేళ్ళని లెక్కలోకి తీసుకుని చేసిన అధ్యయనం ఒకటుంది. మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లోనూ కుందేళ్ళలోనూ 60 శాతం పైగా, పోయింది ఆపరేషన్ అయిపోయాకే. అందులోనూ ఎక్కువ భాగం మొదటి 3 గంటల్లో. కుట్లు పడ్డాయి, గండం గడిచిందని అందరూ గ్లౌజులు తీసేసే వేళ అది.

యజమానుల చీటీ

పాత చీటీలో "ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అని ఉండేది. దాన్ని మార్చాం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకీ పిల్లికీ 4 నుంచి 6 గంటల పరగడుపు చాలు. మరీ ఎక్కువసేపు ఖాళీగా ఉంచితే కడుపులో ఆమ్లం చేరి, మత్తులో అన్నవాహికలోకి ఎగదన్ని, అక్కడ పుండు పడుతుంది. కొన్ని వారాలకు ఆ చోటు బిగుసుకుపోయి మింగలేని పరిస్థితి రావచ్చు. నీళ్ళు మాత్రం మొదటి సూది పడేదాకా అందుబాటులో ఉంచాలి. 8 వారాల లోపు కూనలకు 1 నుంచి 2 గంటలు మించకూడదు, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు కక్కే ప్రమాదం ఎక్కువ కాబట్టి వాటి విషయం డాక్టరుగారే తేల్చాలి. కుందేలు వాంతి చేసుకోలేదు. దాన్ని ఆకలితో ఉంచితే పేగు కదలిక ఆగిపోతుంది, అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది. నోట్లో మేత మిగలకుండా గంటా రెండు గంటల ముందు ఆపితే సరిపోతుంది.

ఏం మందులు వాడుతున్నారో, ఇంతకుముందు మత్తిచ్చినప్పుడు ఏమైందో, కోలీ జాతి సంకరమేమో కూడా చీటీలో రాయమన్నాం. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఎండీఆర్1 జన్యు లోపం (మందుల్ని మెదడులోకి పోనీయని జన్యువు దెబ్బతినడం) ఉంటే అసిప్రొమజీన్, బ్యుటార్ఫనాల్ అనే మత్తు మందులు మామూలు మోతాదుకే లోతుగా, గంటల తరబడి పట్టేస్తాయి.

తూకం, సిరంజి

"సుమారు 5 కిలోలుంటుందండీ" అన్న మాట మీద మందు తీయకూడదు. అదే రోజు కాటా మీద పెట్టాల్సిందే. జైలజీన్ అనే మత్తు మందు మార్కెట్లో మి.లీ.కు 20 మి.గ్రా., 100 మి.గ్రా. రెండు గాఢతల్లో దొరుకుతుంది. రెండోది గుర్రాల లాంటి పెద్ద జంతువుల కోసం. 4 కిలోల పిల్లికి కిలోకు 1 మి.గ్రా. చొప్పున 4 మి.గ్రా. అనుకుందాం. మొదటి సీసాలోంచైతే 0.2 మి.లీ., రెండో దాంట్లోంచైతే 0.04 మి.లీ. అలవాటు మీద రెండో సీసాలోంచి 0.2 తీస్తే పిల్లికి వెళ్ళేది 20 మి.గ్రా., అంటే 5 రెట్లు. గుండె నెమ్మదించి, ఊపిరి మందగించి, ఎందుకిలా అయిందో అంతుబట్టేలోపే చేయి దాటిపోతుంది. చిన్న జంతువుల గదిలో 100 గాఢత సీసా ఉండనేకూడదన్నది మా సిఫారసు. తీసిన ప్రతి సిరంజి మీదా మందు పేరు, గాఢత రాసి చీటీ అంటించాలి.

సిర తెరిచి ఉండటం మరో షరతు. చిన్న కుక్కకైనా పిల్లికైనా 22 లేదా 24 గేజ్ క్యాన్యులా (సిరలో ఉంచే సన్నని గొట్టం) ముందే పెట్టుకోవాలి. గుండె ఆగినప్పుడు సిర దొరకదు. సిరలోకి ఎక్కించే మత్తు మందు ప్రొపొఫాల్‌ని ఒక్కసారిగా తోసేస్తే ఊపిరి ఆగుతుంది. ముందు 3 నుంచి 5 నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ పెట్టి, తర్వాత నిమిషానికి తగ్గకుండా, కొద్దికొద్దిగా, ప్రభావం చూస్తూ ఎక్కించాలి.

యంత్రం దగ్గర

ఈ ఏడాది తరగతుల్లో ఎక్కువ సమయం తీసుకున్నది పాప్-ఆఫ్ వాల్వ్, అంటే మత్తు యంత్రంలో ఎక్కువైన వాయువును బయటికి వదిలే మూత. లీకేజీ చూడటానికి దాన్ని మూసి, గొట్టం చివర వేలితో అదిమి, ఆక్సిజన్‌తో బ్యాగు నింపి, మీటరు 30 సెం.మీ. నీటి పీడనం దగ్గర 10 సెకన్లు నిలుస్తుందా అని చూస్తాం. తర్వాత వాల్వ్ తెరవడం మరిచిపోతే? ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, బయటికి దారి ఉండదు. బ్యాగు బంతిలా ఉబ్బుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం తిరిగి రాదు. రక్తపోటు పడుతుంది, ఆ మీదట ఊపిరితిత్తి చిట్లుతుంది. చిన్న పిల్లిలో ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అందుకే పరీక్ష ముగింపును ఇలా ఖాయం చేశాం: గొట్టం చివర అదిమిన వేలు తీయకుండా వాల్వ్ తెరిచి, పీడనం సున్నాకు పడటం కళ్ళతో చూశాకే వేలు తీయాలి. వేలు ముందు తీసేస్తే పీడనం ఎలాగూ పడిపోతుంది, వాల్వ్ మాత్రం మూసే ఉంటుంది.

బెయిన్ సర్క్యూట్ (చిన్న జంతువులకు వాడే శ్వాస గొట్టాల అమరిక) వాడేటప్పుడు కిలోకు నిమిషానికి 200 మి.లీ. ఆక్సిజన్ కనీసం, అంటే 3 కిలోల పిల్లికి 600 మి.లీ. ఇంతకన్నా తగ్గిస్తే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తుంది. జంతువు తగిలించి ఉండగా ఒక్కసారిగా ఆక్సిజన్ వదిలే ఫ్లష్ బటన్ నొక్కడం పూర్తిగా నిషేధం. వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడా లైమ్ గుళికల విషయంలో ఒక మోసం ఉంది. అరిగిపోయి వంగపండు రంగుకు తిరిగిన గుళికలు వాడకుండా ఉంచితే మళ్ళీ తెల్లబడతాయి. అందుకని రంగు ఆపరేషన్ చివర్లో చూడాలి, మార్చిన తేదీ డబ్బా మీద రాయాలి.

పిల్లి శ్వాసనాళం పలుచన. నాళంలో పెట్టిన గొట్టం చుట్టూ ఉబ్బే కఫ్‌లో గాలి ఎక్కువ నింపినా, సర్క్యూట్ తీయకుండా పిల్లిని పక్కకు తిప్పినా నాళం చీలుతుంది. పళ్ళ శుభ్రతలో తిప్పడాలు ఎక్కువ కాబట్టి అక్కడే ఇది ఎక్కువగా జరుగుతుంది. తిప్పే ముందు గొట్టాన్ని సర్క్యూట్ నుంచి విడదీయండి, తిప్పాక తగిలించండి.

పరిశీలన పత్రం

మొదటి పత్రం సరిగా పనిచేయలేదని ఒప్పుకోవాలి. గళ్ళు ఎక్కువై, ఆపరేషన్ అయ్యాక గుర్తు తెచ్చుకుని నింపే అలవాటు మొదలైంది. రక్తంలో ఆక్సిజన్ శాతం రాసే గడిలో పైనుంచి కిందిదాకా 98, 98, 98 అని ఒకే దస్తూరీ, ఒకే సిరా కనబడితే అర్థం కాకపోదు. కొత్తదాంట్లో 5 నిమిషాలకో వరుస, 7 గళ్ళే: సమయం, గుండె, శ్వాస, ఆక్సిజన్, రక్తపోటు, ఉష్ణోగ్రత, వేపరైజర్ (మత్తు మందును ఆవిరిగా మార్చి ఇచ్చే పరికరం) ఎంత మీద ఉంది.

ఆక్సిజన్ 95 శాతం పైన, సగటు రక్తపోటు 60 మి.మీ. పాదరసం పైన, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరం ఉన్నచోట అది 35 నుంచి 45 మి.మీ. పాదరసం మధ్య ఉండాలి. రక్తపోటు పడితే మొదట చూడాల్సింది వేపరైజర్. అందులోంచి వచ్చే మత్తు వాయువు ఐసోఫ్లూరేన్ ఎంత పెంచితే పోటు అంత దిగుతుంది. మందుల పెట్టె తెరిచే ముందు దాన్ని తగ్గించి చూడండి. ఆక్సిజన్ అంకె పడితే ముందు చూడాల్సింది నాలుకకు తగిలించే కొలత క్లిప్పు ముందా జంతువు ముందా అని వాదన వచ్చింది. మా మాట: చిగుళ్ళ రంగు, తొడ లోపలి నాడి చేత్తో చూసి, తర్వాతే క్లిప్పు సర్దండి. నాలుక ఎండిపోయినా, ఒకే చోట నొక్కుకుపోయినా అంకె తప్పు చెబుతుంది, తడిపి వేరే చోట పెడితే సరిపోతుంది. ఈసీజీ గీత బాగుందని ధీమా వద్దు. గుండె రక్తం తోయడం ఆపేశాక కూడా ఆ గీత కాసేపు నడుస్తుంది.

మెలకువ వచ్చేదాకా

చలి ఇక్కడ పెద్ద శత్రువు. శరీరం 37 డిగ్రీల కిందికి దిగేకొద్దీ మందు విరగడం ఆలస్యమవుతుంది. స్పిరిట్ తక్కువ వాడాలి, పాదాలకు గుడ్డ చుట్టాలి, వెచ్చటి గాలి దుప్పటి ఉంటే మేలు. వేడినీళ్ళ సీసా నేరుగా ఆనిస్తే కాలుతుంది, మత్తులో ఉన్న జంతువు పక్కకు జరగలేదు కదా. మింగడం మొదలయ్యాక గొట్టం తీయాలి. చప్పిడి ముక్కు జాతులకు మాత్రం తల ఎత్తి, గొట్టాన్ని ఇక భరించలేనంటేనే.

ఇంటికెళ్ళాక నొప్పి మాత్ర సొంతంగా వేయొద్దని చీటీలో పెద్ద అక్షరాల్లో వేయించాం. పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది, అర మాత్రైనా సరే. చిగుళ్ళు తెల్లబడటం, లేపినా లేవకపోవడం, కుందేలు 12 గంటలు గడిచినా మేత ముట్టకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. వచ్చే ఏడాది కుందేళ్ళ మత్తు మీద ప్రత్యేక తరగతి పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. పరిశీలన పత్రం నింపడానికి ప్రతి ఆస్పత్రి నుంచి ఒకరి పేరు ఇవ్వమని అడిగాం, కొన్ని ఇంకా రాలేదు. సర్వసభ్య సమావేశం లోపు పంపగలరు.